ఒక గ్రహశకలం, ఒక పొడి అక్షరం

ఆయన నన్ను మొదటిసారి మ్యూట్ చేసిన రోజు నాకు బాగా గుర్తుంది.

కరోనా మొదటి ఏడాది. అబుదాబి పక్కన ముసఫాలో మా కార్మికుల క్యాంపు గేటు మూసేశారు. పని లేదు, బయటికి వెళ్లే వీలు లేదు. గదిలో ఆరుగురం, ఆరు ఫోన్లు. అబుదాబిలోని ఒక తెలుగు సంఘం వాళ్లు శుక్రవారం పొద్దున పూట ఫోన్‌లో ఖగోళ పాఠాలు మొదలుపెట్టారు. చెప్పేది ఆ సంఘంలో సైన్సు విభాగం చూసే ఒక ప్లానింగ్ ఇంజనీరు. గోదావరి జిల్లా మనిషి. మెత్తని గొంతు, మర్యాద మాట. ఆయన పేరూ నా పేరూ ఒకటే. మా ఈడు వాళ్లలో ఆ పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది కాబట్టి అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

ఆ రోజు పాఠం గ్రహశకలాల గురించి. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షల కొద్దీ రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయని, ఇంకా కొత్తవి దొరుకుతూనే ఉన్నాయని చెప్పారు. ఫొటోలో అవి ఉత్త చుక్కల్లా కనిపిస్తాయన్నారు. నేను అడిగాను.

"సార్, ఫొటోల చుక్క జూసి గది ఎంత దూరముందో ఎట్ల జెప్తరు?"

"మంచి ప్రశ్నేనండి. చివర్లో చూద్దారి," అన్నారు. నా ఫోన్ మీద మైకు బొమ్మకు అడ్డగీత పడింది. చివర వచ్చింది, ధన్యవాదాలు చెప్పుకున్నారు, పాఠం అయిపోయింది. అడ్డగీత తీయలేదు. ఆ ప్రశ్నకు ఆయన ఈ రోజుకీ జవాబు చెప్పలేదు. దాన్ని నేనే వెతుక్కున్నాను, తర్వాత చెబుతాను.

నా పని గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే రెండో అవమానం దాని మీదే. ఐకాడ్ పారిశ్రామిక వాడలో పైపులు అతికే ఒక యార్డులో నేను ఫిల్మ్ రీడర్‌ను. మనిషి ఎముకకు ఎక్స్‌రే తీసినట్టే వెల్డింగ్ చేసిన అతుకులకూ తీస్తారు. ఆ ఫిల్ములను చీకటి గదిలో, వెనక నుంచి బలమైన వెలుతురు వచ్చే పెట్టె మీద పెట్టి, అతుకు లోపల గాలి బుడగ ఉందా, పగులు ఉందా అని చూసి, పాస్ అనో ఫెయిల్ అనో రాయడం నా పని. బుడగ ఉన్నచోట ఫిల్ము మీద నల్ల చుక్క పడుతుంది. కొన్ని చుక్కలు బుడగలు కావు. ఫిల్ము కడిగినప్పుడు పడిన నీటి మచ్చో, గోరు గీతో అయి ఉంటాయి. ఏది లోపల ఉన్నది, ఏది పైన పడింది అని తేల్చడానికే నన్ను పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా చుక్కలు చూస్తున్నాను.

గేట్లు తెరిచాక సంఘం వాళ్ల సమావేశం బనియాస్‌లో ఒక హోటల్ మేడ మీద జరిగితే వెళ్లాను. ఇంజనీరు గారు నన్ను అక్కడివాళ్లకు పరిచయం చేశారు. "ఈయన ఫిల్మ్ లైనులో ఉంటారండి."

ఒకాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏ హీరోతో చేశారండి?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇంజనీరు గారు కూడా నవ్వారు. వెల్డింగ్ ఫిల్ములని ఆయనకు తెలుసు, కాని సరిదిద్దలేదు. అప్పటి నుంచి ఆ సంఘంలో నేను 'ఫిల్మ్ ఆయన'ను.

మరుసటి ఏడాది ఆయన ఒక కొత్త సంగతి తెచ్చారు. విదేశంలో ఒక సంస్థ పెద్ద దుర్భిణితో తీసిన ఆకాశం ఫొటోలను ప్రపంచమంతా పంచుతుంది. ఎవరైనా నలుగురు జట్టు కట్టి పేర్లు ఇస్తే చాలు. ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో నాలుగుసార్లు తీసిన ఫొటోలు కంప్యూటర్‌కు వస్తాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి ఆడిస్తే నక్షత్రాలు కదలవు. గ్రహశకలం ఉంటే అది ఒక్కటే తిన్నగా ఒక గీత మీద జరుగుతుంది. దాన్ని గుర్తించి, చోటు కొలిచి పంపాలి. ఇంతకుముందు ఎవరూ చూడనిదైతే జట్టువాళ్ల పేర్లు పత్రం మీద పడతాయి.

జట్టులో ఆయన, ఆయన ఆఫీసులో పనిచేసే ఇద్దరు ఇంజనీర్లు ఉన్నారు. నాలుగో మనిషి దొరకక నన్ను పిలిచారు. ఇది నా ఊహ కాదు, ఆయనే అన్నారు. "నలుగురు ఉండాలండి రూలు. మీరు ఊరికే కూర్చుంటే చాలు."

నేను ఊరికే కూర్చోలేదు.

శుక్రవారాలు పొద్దున నేను బస్సెక్కి ఆయన ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. వాళ్లు ముగ్గురూ నల్లటి ఆకాశం మీద తెల్ల చుక్కలు చూసేవాళ్లు. నాకు అది కుదరలేదు. ఆ ప్రోగ్రాములో ఫొటోను తిరగేసే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే ఆకాశం బూడిద రంగులోకి, నక్షత్రాలు నలుపులోకి మారతాయి. అచ్చం నా ఫిల్ములాగే. అప్పుడు నాకు కూర్చున్న కుర్చీ కూడా యార్డులోదే అనిపించింది.

మూడో వారం దొరికింది. ఒక మూలన మసక చుక్క. మొదటి ఫొటోలో ఉంది, రెండోదాంట్లో కొంచెం కుడికి జరిగింది, మూడోదాంట్లో లేదు, నాలుగోదాంట్లో మళ్లీ ఉంది. ఇంజనీరు గారిని పిలిచాను.

ఆయన రెండుసార్లు ఆడించి చూసి, "నాయిస్ అండి. నాలుగింట్లోనూ ఉండాలి కదా," అన్నారు.

"మూడోదాంట్ల నక్షత్రం కిందికి వోయింది సార్."

"మీకెలా తెలుసు?"

"కొలిచిన. ఒకటికీ రెండుకీ నడుమ ఎంత దూరముందో, రెండుకీ నాలుగుకీ గంతకు రెండింతలుంది. మూడోది ఉండాల్సిన కాడ గీ నక్షత్రముంది. తక్కిన మూడు ఫొటోలల్ల గది సన్నగున్నది, మూడోదాంట్ల లావైంది. జూడుండ్రి."

ఆయన చూడలేదు. "ఇలాంటివి పంపితే మన టీమ్ పరువు పోద్దండి," అని వేరే ఫొటోల్లోకి వెళ్లిపోయారు. ఆయన ఆఫీసు ఇంజనీరు ఒకాయన, "ఆయనకి గాలి బుడగ కనబడిందేమోనండి," అన్నాడు. మళ్లీ నవ్వులు.

ఫిల్ము మీద ఒక చుక్క కోసం ఫోర్‌మెన్‌లతో, క్లయింటు మనుషులతో, ఒకసారి సాక్షాత్తు ముదీర్‌తో, అంటే మా పెద్ద మేనేజరుతో, వాదించినవాణ్ణి నేను. ఇక్కడ ఎందుకు తగ్గాలి? జట్టు పాస్‌వర్డు నలుగురికీ ఇచ్చారు. వాళ్లు భోజనానికి లేచినప్పుడు ఆ మూడు చోట్లూ కొలిచి, మూడో ఫొటోలో చుక్క నక్షత్రంతో కలిసిపోయిందని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాసి పంపేశాను. పంపానని భోజనం బల్ల దగ్గరే చెప్పాను. దాచలేదు.

"సరే, తిడితే మిమ్మల్నే తిడతారు లెండి," అన్నారు ఇంజనీరు గారు.

తిట్టలేదు. వారం తిరిగేలోపు అదే దుర్భిణి వాళ్లు అదే వైపు మళ్లీ ఫొటోలు తీశారు. వాళ్లు లెక్కకట్టిన చోటుకు దగ్గరలోనే చుక్క ఉంది, ఈసారి నాలుగు ఫొటోల్లోనూ. ఇది ఇంతకుముందు లెక్కలో లేని గ్రహశకలమని, తాత్కాలికంగా ఒక గుర్తు ఇచ్చామని ఉత్తరం వచ్చింది. ఏడాది అంకె, రెండు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి పక్కన చిన్న అంకెలు. ఆ గుర్తును నేను చేతి మీద బాల్‌పెన్నుతో రాసుకుని క్యాంపుకు వచ్చాను.

నా పక్క మంచం తమ్ముడు నిజామాబాద్ వైపు వాడు, యార్డులో పరంజాలు కడతాడు. నా చెయ్యి చూసి, "ఏందన్నా, ఎవలి రూమ్ నంబరు?" అన్నాడు.

చెప్పాను. "గా రాయి ఎంతుంటది?" అన్నాడు.

"తెల్వది. రెండు మూడు కిలోమీటర్లు ఉండచ్చు."

"మరి నీకు చుక్కంత గనవడ్డది. గట్లయితే గాడికెల్లి జూస్తే నువ్వెంత గనవడుతవే?"

నా ధ్యాస వాడి ప్రశ్న మీద లేదు. పత్రం కోసం ఎదురుచూస్తున్నాను.

పత్రం వచ్చింది. దాని మీద మూడు పేర్లే ఉన్నాయి.

ఆ విదేశీ సంస్థ పేర్లు రాసే పద్ధతి ఇలా ఉంటుంది: ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, చుక్క, ఆ తర్వాత పేరు. జట్టు జాబితాను ఇంజనీరు గారు ఆ పద్ధతిలో తయారుచేసి పంపారు. తెలుగులో ఆయన ఇంటిపేరు దకారంతో మొదలవుతుంది, నాది డకారంతో. నాలుక పంటికి తగిలితే ఆయన, అంగిట్లోకి మడిస్తే నేను. చిన్నపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే అక్షరం. పేర్లు ఎలాగూ ఒకటే. జాబితాలో ఒకే పేరు రెండు వరుసల్లో పడింది. కంప్యూటర్‌లో ఒకటి తీసేశారు.

ఫోన్ చేశాను.

"డూప్లికేట్ వచ్చిందనుకున్నానండి. ఎక్సెల్‌లో రిమూవ్ కొట్టాను. అంతేనండి, మనసులో ఏమీ లేదు," అన్నారు.

"అయితె మల్ల వెట్టుండ్రి."

"పెట్టినా అదే పేరు రెండుసార్లు వస్తుందండి. చూసేవాళ్లు తప్పు పడిందనుకుంటారు."

"ఇంటిపేరు మొత్తం రాయుండ్రి."

"వాళ్ల ఫార్మాట్ ఒప్పుకోదండి. అయినా మీ పేరే కదండీ ఉంది? ఇంకేం కావాలి చెప్పండి."

ఫోన్ పెట్టేసి పత్రం మళ్లీ చూశాను. ఆ పత్రం మీద ఉన్నది నా పేరే. అక్షరం అక్షరం నాదే. కాని చూసిన వాళ్లందరూ దాన్ని ఆయన పేరుగానే చదువుతారు. దొంగతనమైతే పోయిన వస్తువు చూపించవచ్చు. ఇక్కడ పోయింది ఏమిటో చూపించబోతే అది అక్కడే ఉంది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి నా భార్యకు చెప్పాను. ఊరుకోమంటుందనుకున్నాను.

"గాయినకు ఇంటిపేరు అంటే అక్షరమేనా?" అంది. "నేను ఇరవై రెండేండ్లు ఒక ఇంటిపేరుతోని వెరిగి, పెండ్లైనంక నీ ఇంటిపేరు రాసుకున్న. ఆధార్ల అదే, బ్యాంకుల అదే. గది నువ్వొక్క అక్షరం జేసి ఆయనకిచ్చి వస్తె నాకేం మిగిలినట్టు?"

"నేనియ్యలే, తీస్కున్నడు."

"అయితె తెచ్చుకో."

సంఘం వాళ్లు సభ పెట్టారు. సెలవు శుక్రవారం నుంచి శని, ఆదివారాలకు మారిన ఏడాది అది. మా యార్డుకు ఆదివారం సెలవు కాబట్టి వెళ్లగలిగాను. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఇంజనీరు గారి బొమ్మ, దాని చుట్టూ మంటలు కక్కుతున్న రాయి. 'ఉల్కను కనుగొన్న మన తెలుగు తేజం' అని రాశారు. నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టారు. జట్టు సభ్యులందరికీ శాలువా ఉందని, పిలిచినప్పుడు రావాలని ఒకాయన చెవిలో చెప్పి వెళ్లాడు.

ఇంజనీరు గారు మాట్లాడుతూ ఆ రాయి భూమి వైపు వస్తుందా అని జనం భయపడనక్కర్లేదన్నారు. ఎవరో ఒకావిడ లేచి, "మరి అది ఎక్కడ తిరుగుతుందండి? ఎన్నాళ్లకొక చుట్టు?" అని అడిగింది. ఆయన కాగితం కోసం జేబులు తడుముకున్నారు.

నేను లేచాను. నన్నెవరూ పిలవలేదు. ఆ గుర్తు మీద వాళ్లు వేసిన దారి లెక్కలు నాకు అప్పటికే కంఠతా వచ్చు. లేచాను.

"అది ఉల్క గాదమ్మా. ఉల్క అంటే మన గాలిల వడి కాలేది. ఇది గ్రహశకలం. సూర్యునికీ భూమికీ ఎంత దూరమో, దానికి రెండున్నర రెట్ల కన్న కొంచెం ఎక్కువ దూరంల తిరుగుతది. ఒక చుట్టుకు నాలుగేండ్ల మీద రెండు నెలలు. ఆ దారిని కక్ష్య అంటరు. భూమి తిరిగే చదునుకు ఎనిమిది డిగ్రీలు వాలి ఉంటది. దారి పెద్ద కోలగ లేదు, మా పైపుల లెక్కల ఆ కోల పాసైతది. కాని సూర్యుడు నడుమల లేడు, ఒక దిక్కుకు జరిగి ఉన్నడు. అందుకే ఒక తాప దగ్గరికొస్తది, ఒక తాప దూరం వోతది."

ఆవిడ, "మీరెవరండి?" అంది.

"దాన్ని చూసినోణ్ణి," అన్నాను. "ఆ పత్రం మీది మొదటి పేరు నాదో ఆయనదో సార్‌నే చెప్పుమనుండ్రి."

ఇంజనీరు గారు మైకులో నవ్వారు. "టీమ్ వర్క్ అండి. ఎవరి పేరైతే ఏంటి. ఇద్దరిదీ ఒకటే పేరు కదా." చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు కాదని తెలుసు. శాలువాకు పిలిచినప్పుడు నేను వెళ్లలేదు. 'ఫిల్మ్ ఆయన' అని రెండుసార్లు పిలిచారు. ఆ పేరుకు నేను పలకను.

తిరుగు బస్సులో తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. బిర్యానీ ఉంటుందని వచ్చాడు. నా మూలంగా తినకుండానే లేచి వచ్చాడు, ఆ కోపం ఉంది.

"అన్నా, ఒకటడుగుత. రాయి తిరిగే దారిని ఏమంటివి?"

"కక్ష్య."

"గది తిరిగేది కక్ష్యల. నువ్వు తిరిగేది కక్షల."

బస్సులో ఉన్న తెలుగువాళ్లందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. యకారం ఒత్తు తీసేస్తే పగ అవుతుంది. అక్షరం పోతే ఏమవుతుందో వాడికి తెలిసింది, ఇంజనీరుకు తెలియలేదు.

ఆ బస్సులోనే నా మొదటి ప్రశ్నకు జవాబు కూడా కళ్లతో చూశాను. చదివి తెలుసుకున్నదే, కాని కిటికీలోంచి చూస్తే గట్టిపడింది. మా బస్సు పక్క వరుసలో పోతున్న ఒక ట్రక్కును దాటింది. ట్రక్కూ మావైపే, ముందుకే పోతోంది. కాని దాటే ఆ కొద్దిసేపు దూరంగా ఉన్న దీపస్తంభాల ముందు అది వెనక్కి జారినట్టు కనిపించింది. దానికి అవతలి వరుసలో ఇంకో ట్రక్కు అదే వేగంతో పోతోంది. అది అంతగా జారలేదు. భూమి లోపలి దారిలో వేగంగా పోతూ బయటి రాళ్లను దాటుతుంది. దగ్గరివి ఎక్కువ జారతాయి, దూరానివి తక్కువ. ఎంత జారిందో కొలిస్తే దూరం తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నా మైకు మీది అడ్డగీత తీయడం ఆయనకు బరువైంది.

ఆ విదేశీ సంస్థకు నేనే రాయడం మొదలుపెట్టాను. నా ఇంగ్లిష్ రిపోర్టుల ఇంగ్లిష్. 'యాక్సెప్ట్', 'రిజెక్ట్', 'రీషూట్ రిక్వైర్డ్' అనేవి మాత్రం బాగా రాస్తాను. ఏ రోజు, ఏ గంటకు, ఏ వాక్యంతో పంపానో రాశాను. మూడో ఫొటోలో నక్షత్రం లావైన సంగతి రాశాను. అక్కడ జట్ల వ్యవహారం చూసే ఒకావిడ జవాబు ఇచ్చింది. మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది, కాని జట్టు జాబితా మార్చాలంటే జట్టు నాయకుడే అడగాలి, అది మా నియమం అని.

అంటే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి.

నేను ఆ పని మీద ఉండగానే ఇంకో ఉత్తరం వచ్చింది. కక్ష్య లెక్కకట్టేవాళ్లు మా కొలతలను వెనక్కి నడిపించి చూస్తే, కొన్నేళ్ల కింద ఇంకో పెద్ద దుర్భిణి ఫొటోల్లో ఇదే రాయి రెండు మూడు రోజులు కనిపించి తప్పిపోయిందని తేలింది. అప్పుడు వాళ్లకు దొరికిన కక్ష్య ముక్క చాలా చిన్నది. పైపు నుంచి వేలెడు వంపు ముక్క కోసి ఇచ్చి, పైపు ఎంత లావో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఎన్ని సైజులకైనా ఆ వంపు సరిపోతుంది. ముక్క పొడుగైతేనే సైజు తేలుతుంది. మా ముక్క దొరికాక ఆ పాత ముక్క దానికి అతికింది. నియమం ప్రకారం కనిపెట్టిన పేరు పాతవాళ్లకు పోతుంది. మాకు ఇచ్చిన గుర్తు రెండో గుర్తుగా పక్కన ఉంటుంది.

తెల్లారి భోజనం వేళకు ఇంజనీరు గారి ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి నన్ను చూసి, దాక్కోలేక దగ్గరికి వచ్చారు.

"చూశారా మెయిలు? మనది కాదంటండి. ఖలాస్."

"మనది కాకుంటె ఏమైంది? అది లేదని చెప్పలేదు గద. ఉన్నది. దాన్ని మల్ల దొరకవట్టింది మన కొలతలు."

"ఎందుకండీ ఇంకా. ఫ్లెక్సీ కూడా తీసేశాం. నాకూ సిగ్గుగానే ఉందండి, ఆయ్."

"మీరొక్క మెయిలు వెట్టుండ్రి సార్. నాలుగో మనిషి ఉన్నడు, ఆయన ఇంటిపేరు ఇది అని. గంతే."

ఆయన చెమట తుడుచుకున్నారు. ఆ క్షణం ఆయన మీద జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది, కాని కలగలేదు.

"అదిప్పుడు మనది కూడా కాదు. కానిదాని మీద మీ పేరు ఎక్కించుకుని ఏం చేస్తారు చెప్పండి?"

"ఏమీ చెయ్య. ఉంటది."

"మీతో పడలేనండి. మీరు సొంత టీమ్ పెట్టుకోండి, ఎవరాపారు?"

ఆయన కోపంతో అన్న మాట అది. నేను దాన్ని పనిగా తీసుకున్నాను.

జట్టుకు నలుగురు కావాలి. నేను ఒకణ్ణి. యార్డులో నాతో పాటు ఫిల్ములు చూసే ఇద్దరు. చుక్కలంటే వాళ్లకు చెప్పనక్కర్లేదు. నాలుగోవాడు పరంజాల తమ్ముడు. "నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఊరికే కూర్చుంటే చాలు అనబోయి ఆగిపోయాను. ఆ మాట నేను అనకూడదు. "పొద్దుగాల టైము రాసుకో, ఎవలు ఏది చూసిండ్రో రాసుకో," అన్నాను. రాశాడు. అక్షరాలు పరంజా కట్టినట్టు నిటారుగా రాస్తాడు.

ఆ రాయి ఎప్పుడుపడితే అప్పుడు దొరకదు. భూమి దాన్ని దాటే వేళకే అది దగ్గరగా, వెలుగుగా ఉంటుంది. దానికి పదహారు నెలలకు ఒకసారి ఆ వేళ వస్తుంది. మా కంపెనీ రెండేళ్లకు ఒకసారి ఊరికి పంపుతుంది. ఇంటికి నేను వెళ్లేదానికంటే నా దగ్గరికి అది వచ్చేదే ఎక్కువ. ఈ లెక్క నా భార్యకు చెబితే, "మంచిగుంది. దాన్నే చేసుకోకపోయినవ్," అంది.

జాబితా పంపేటప్పుడు పొడి అక్షరం రాయలేదు. ఇంటిపేరు మొత్తం రాశాను, మా దగ్గర రాసినట్టే ముందు. ఇది మీ పద్ధతి కాదని, కాని పొడి అక్షరంతో నేను ఇంకో మనిషిని అయిపోతున్నానని, దానికి రుజువు మీ దగ్గరే ఉందని రాశాను. ఆవిడ ఒప్పుకుంది. అంతేకాదు, ఆ రాయి ఉండవలసిన వైపు తీసిన ఫొటోలు ఈసారి కట్టల్లో ఉంటే మీకే పంపుతానని కూడా రాసింది. అడిగితేనే గదా ఇస్తారు. అడగకుండా ఉండడమే మర్యాద అని నాకు చాలామంది చెప్పారు. వాళ్లలో ఎవరి పేరూ ఎక్కడా లేదు.

ఒక ఆదివారం పొద్దున, యార్డు ఆఫీసులో, ముదీర్ దగ్గర అనుమతి తీసుకుని కూర్చున్నాం. ఫొటో తిరగేశాను. బూడిద రంగు ఆకాశం, నల్ల చుక్కలు. రాయి ఎక్కడ ఉండాలో లెక్క ఇచ్చారు. అక్కడ లేదు. మెల్లగా పక్కకు జరిపితే, వెంట్రుకవాసి దూరంలో, నాలుగు ఫొటోల్లోనూ ఉంది. లెక్కే కొంచెం తప్పింది, రాయి తప్పలేదు. ఆ కొంచెం తప్పును సరిచేయడానికే ఇలాంటి కొలతలు కావాలట. ఒక్కొక్కరం విడివిడిగా కొలిచాం. తమ్ముడు టైము రాశాడు. ఎవరూ ఎవరి మీదా నవ్వలేదు.

కనిపెట్టినవాణ్ణని నేను రాయించుకోలేదు, అది నాది కాదు. పాతవాళ్లది పాతవాళ్లకే పోయింది, అది న్యాయమే. నాకు కావలసింది కొలిచినవాడి వరుస. అది వచ్చింది. ఈ మధ్యనే జాబితా పంపారు. నాలుగు పేర్లు ఉన్నాయి. పరంజాల తమ్ముడిది కూడా పూర్తిగా ఉంది. వాడు ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపి, మళ్లీ తీసి మళ్లీ పంపాడు.

నా పేరు ముందు నా ఇంటిపేరు ఉంది, పూర్తిగా. చివర్లో ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఇంగ్లిష్‌లో రెండు అక్షరాలు ఉండవలసిన చోట ఒకటే పడింది.

"నువ్వే గదన్నా. ఒత్తు లేకున్నా తెలుస్తనే ఉంది," అన్నాడు తమ్ముడు.

"ఒత్తు లేకుంటె అది మా పక్క ఊరోళ్ల ఇంటిపేరు."

"మల్ల రాస్తవా?"

"రాసిన."

మొదటి ఉత్తరానికి, జాబితా ఖరారైపోయిందని, చిన్న తేడాలు మార్చడం కష్టమని ఆవిడ జవాబు ఇచ్చింది. మర్యాదగానే ఇచ్చింది. రెండో ఉత్తరం నిన్న రాశాను. నా పాస్‌పోర్టు పేజీ, నా రీడర్ సర్టిఫికెట్, నా భార్య ఆధార్ కార్డు జతచేశాను. మూడింట్లోనూ ఒత్తు ఉంది. మూడో ఉత్తరం ఏమని రాయాలో కూడా ఇప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను.